అడుగు కనిపించని సీసా

గాజుగుడ్డ కొసను ఫోర్సెప్సుతో పట్టి మెల్లమెల్లగా లేపుతున్న కట్లక్క చెయ్యి సగంలో ఆగిపోయింది. గుడ్డ అడుగు పొర మీద పెద్ద బొత్తామంత మేర ఆకుపచ్చ మరక. ఆకు నలిపితే వచ్చే ఆకుపచ్చ కాదది, నీలం కలిసిన ఆకుపచ్చ. గుడ్డను ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. మగ్గిన ద్రాక్షపళ్ళ వాసన. తియ్యగా ఉండడమే ఆ వాసనలోని దుర్మార్గం.

"ఏంటక్కా, రంగు మార్చేశావు? నన్నొక మాట అడగొద్దూ?" అన్నాడు మంచం మీది తమ్ముడు, మెడ ఎత్తి తన కాలి వంక చూసుకుంటూ.

"ఏ రంగూ లేదు. నోర్మూసుకుని పడుకో."

"రంగుల సంగతి నాకే చెప్తున్నావా? అది కిటికీ చువ్వలకి వేసే రకం. మూత తీస్తే చాలు, గుర్తుపడతా."

వాడు ఇళ్ళకు రంగులు వేసే పనివాడు. మూడు వారాల కిందట పరంజా కర్ర విరిగి రెండో అంతస్తు నుంచి ఇనపచువ్వల కుప్ప మీద పడ్డాడు. ఎడమ మోకాలి కింద ఎముక విరిగింది, దాని మీది కండ జానెడు మేర ఊడిపోయింది. ఎముకకి లోపల కడ్డీ వేశారు. పుండు ఎర్రగా, శుభ్రంగా తయారైతే తొడ మీది చర్మం తీసి అక్కడ అతుకుతామని, ఆ తర్వాత మళ్ళీ నిచ్చెన ఎక్కవచ్చని పెద్ద డాక్టరు చెప్పాడు. పుండు శుభ్రంగా తయారవడమంటే అది కట్లక్క పనే. ఆ మాట విన్న రోజున వాడు అక్క వంక చూసి, "అయితే నా కాలు మనింట్లో బీరువాలో ఉన్నట్టే," అన్నాడు.

ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఉంది, అంతే. మగవాళ్ళ సర్జరీ వార్డులో పదహారు మంచాలకూ ఆమె కట్లక్కే. పొద్దున ఎనిమిదింటికి ట్రాలీ తోసుకుంటూ బయల్దేరిందంటే పన్నెండు దాటేదాకా వంచిన నడుము ఎత్తదు. చీము చూసి జబ్బు చెబుతుందని ఆమెకు పేరు. చిక్కగా, మీగడలా, పసుపుగా ఉంటే అది మన చర్మం మీదే కాపురముండే క్రిమి పని. గట్టిగా కడిగి మందు పడితే లొంగుతుంది. పలచగా, బూడిదరంగులో, పక్క మంచం వాడు కూడా ముక్కు మూసుకునేంత కంపు కొడితే అది గాలి తగలని లోతుల్లో పెరిగేది. దానికి కత్తి పట్టాల్సిందే. ఇక ఈ ఆకుపచ్చది మొండి ఘటం. పది రకాల మందులు ఎక్కించినా లెక్కచెయ్యదు. కొత్త చర్మం అతికితే రెండు రోజుల్లో దాన్ని కరిగించి పారేస్తుంది. కుర్ర డాక్టర్లు ల్యాబ్ కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. కట్లక్క గుడ్డ విప్పినప్పుడే పెదవి విరుస్తుంది. ఇంతవరకూ ఆ పెదవి తప్పలేదని వార్డంతా చెప్పుకుంటారు.

ఇవాళ మాత్రం పెదవి విరవలేదు. తమ్ముడు ఆమె ముఖంకేసే చూస్తున్నాడు.

ట్రాలీ కింది అరలోంచి గోధుమరంగు పెద్ద సీసా తీసి, బిరడా లాగి, మందునీళ్ళు గిన్నెలోకి ఒంపింది. పదహారు మంచాలకూ అదే సీసా. డబ్బాలో వచ్చే చిక్కటి మందును కొలత ప్రకారం కుళాయి నీళ్ళలో కలిపి అందులో పోస్తుంది. సగానికి దిగిందంటే చాలు, మళ్ళీ నింపేస్తుంది. సీసా అడుగు కనిపించనివ్వకపోవడం ఆమెకు పట్టింపు. పనిలో చేరిన కొత్తలో నేర్పిన పెద్దామె అలాగే నేర్పింది. సెలవు రోజుల్లో ప్రమాదం కేసులు బస్సు బస్సంతా వచ్చి పడ్డప్పుడు వేరే వార్డుల వాళ్ళు ఖాళీ సీసాలు పట్టుకుని ఆమె దగ్గరికే పరిగెత్తుకొస్తారు. అప్పుడు ఆమె ముఖం చూడాలి! బిరడాకి కొత్త గాజుగుడ్డ చుట్టడం, సీసాను బయటంతా తళతళలాడేలా తుడవడం, ఇవన్నీ పసిపిల్లకి తల దువ్వుతున్నంత ముచ్చటగా చేసుకుంటుంది.

తమ్ముడి పుండు మీద మందునీళ్ళు ధారగా పోసింది. మిగతావాళ్ళకి ఒక గిన్నె, వీడికి రెండు. మిగతావాళ్ళకి పొద్దున ఒక్క కట్టు, వీడికి డ్యూటీ దిగేముందు సాయంత్రం ఇంకోటి. సొంత తమ్ముడికి ఆ మాత్రం చేసుకోకపోతే ఈ చేతులెందుకు?

"అక్క ఉన్నోడికి రెండు కట్లు, లేనోడికి ఒకటి. రాసిపెట్టి ఉండాలి," అన్నాడు పక్క మంచం మీది సణుగుడు తాత. ఆయన రోజూ ఈ మాట అంటాడు, ఆమె రోజూ బదులిస్తుంది.

"నా మందు మంట అన్నావు, ఉప్పునీళ్ళు చాలన్నావు. ఇప్పుడు రెండో కట్టు కూడా కావాలా నీకు?"

"మంటనా? అది నిప్పు తల్లీ. మనుషులకి పోసేదేనా అది?"

తాత అనడంలో కొంత నిజం లేకపోలేదు. ఆ మందు ఆయన ఒంటికి పడదు, తగిలితే దద్దుర్లు లేస్తాయి. అందుకని ఆయన పాదం పుండుకి మాత్రం కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళు విడిగా చిన్న గిన్నెలో తెస్తుంది. పదహారు మందిలో ఆయనొక్కడికే ఆ విడి గిన్నె.

తమ్ముడి కట్టు బిగించి, బొటనవేలు నొక్కి చూసింది. వెచ్చగానే ఉంది. కానీ పోయిన వారం నాలుగో మంచానికి ఆకుపచ్చ పడింది. మొన్న పదకొండో మంచానికి. ఇవాళ వీడికి. వార్డు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, నడుమ వీడు. ఎవరో దీన్ని మంచం నుంచి మంచానికి మోస్తున్నారు. ఎవరో గానీ వాళ్ళ చేతులు విరిచెయ్యాలన్నంత కోపం వచ్చింది కట్లక్కకి. ట్రాలీని అక్కడే వదిలేసి హెడ్ సిస్టర్ గదికి వెళ్ళింది.

మధ్యాహ్నం ల్యాబ్ అమ్మాయి వచ్చింది. బక్కపల్చటి మనిషి, ముఖానికి మించిన కళ్ళజోడు. గాజు గొట్టాలలో దూది చుట్టిన పుల్లలు పెట్టుకుని వార్డంతా కలియతిరిగింది. మూడు పుండ్లూ తుడిచింది. కుళాయిలు, తొట్టి, మంచాల కమ్మీలు, తుడుపు గుడ్డ, బకెట్టు, అందరి చేతులూ తుడిచింది. సబ్బుతో కడుక్కుని వచ్చి, అందరికంటే ముందు చేతులు చాచింది కట్లక్కే. ట్రాలీ మీది కత్తెర్లూ ఫోర్సెప్సులూ కూడా తుడిచింది ఆ అమ్మాయి. కింది అరలో ఉన్న సీసా జోలికి మాత్రం పోలేదు. క్రిముల్ని చంపే మందులో క్రిముల్ని ఎవరు వెతుకుతారు?

రెండు రోజులకి కాగితాలు వచ్చాయి. మూడు పుండ్లలోనూ అదే ఆకుపచ్చ క్రిమి. సూడోమోనాస్ అని రాసి ఉంది. కుళాయిలు మంచివే. కట్లక్క చేతులు మంచివే. బకెట్టులో ఉంది. తుడుపు గుడ్డలో ఉంది. బకెట్ పిన్ని కుడిచేతి గోళ్ళ కింద ఉంది.

బకెట్ పిన్ని కాంట్రాక్టు మీద వార్డు తుడిచే మనిషి. నలభై దాటిన ఒంటరి ఆడది. పొద్దున కట్లు అయ్యాక గిన్నెల్లో మిగిలిన మురికినీళ్ళన్నీ తన బకెట్టులోకే ఒంపుకుని తీసుకెళ్తుంది. హెడ్ సిస్టర్ గదిలో అందరి ముందూ ఆమెను నిలబెట్టారు. తన గోళ్ళ కింద ఏదో దొరికిందన్న మాట విన్నప్పటి నుంచి ఆమె చేతులు రెండూ వీపు వెనక పెట్టుకునే ఉంది.

"ఎప్పుడైనా పేషెంట్లని ముట్టుకున్నావా?" అంది హెడ్ సిస్టర్.

"లేదమ్మా. నాకేం పని?"

"నేను చూశాను," అంది కట్లక్క. "తడిగుడ్డ పిండిన చేత్తోనే మా తమ్ముడి దుప్పటి సర్దింది."

అది అబద్ధం కాదు. నిజంగానే చూసింది.

"దుప్పటి జారి కింద పడిపోతోందని ఆయనే పిలిచాడు కట్లక్కా. పాపం లేవలేడు కదా అని ఎత్తి కప్పాను," అంది పిన్ని.

"పాపమో పుణ్యమో, వాడి కాలు పోతే తెచ్చిస్తావా?"

పిన్ని నీళ్ళు నమిలింది. ఆ నమలడమే అందరికీ ఒప్పుకోలులా కనిపించింది. కాంట్రాక్టరు సాయంత్రానికల్లా ఆమె గుర్తింపు కార్డు వెనక్కి తీసేసుకున్నాడు. వెళ్ళేముందు పిన్ని తన బకెట్టు కడిగి బోర్లించి, గుడ్డ ఉతికి ఆరేసి, వార్డు గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబడింది. కట్లక్క తలెత్తలేదు. తమ్ముడికి రెండో కట్టు కడుతోంది.

ఆ మర్నాడు వార్డంతా కడిగారు. పరుపులు ఎండేశారు, బకెట్లు కొత్తవి తెచ్చారు, గోడలు కూడా తుడిచారు. కట్లక్క దగ్గరుండి చేయించింది. ఇక పీడ వదిలిందనుకుంది. తమ్ముడికి రోజుకు రెండు కట్లు మూడు చేసింది.

పీడ వదల్లేదు. తమ్ముడికి జ్వరం పట్టుకుంది. బొత్తామంత ఉన్న మరక అరచేయంత అయింది. కట్టు విప్పకముందే పైపొర దాకా తడిసి, రంగు గుడ్డకి బయటినుంచే కనిపిస్తోంది. లోపల ఎముక తెల్లగా ఉండాల్సింది మసకబారి కనిపించింది. అయిదో మంచానికి కొత్తగా ఆకుపచ్చ పడింది. పిన్ని వెళ్ళిపోయి మూడు రోజులైంది. తమ్ముడు ఇప్పుడు రంగుల పేర్లు చెప్పడం మానేశాడు.

"పరంజా ఎక్కేటప్పుడు కిందికి చూడకూడదక్కా," అన్నాడొకసారి, కళ్ళు పైకప్పు మీదే పెట్టి. "ఇప్పుడూ అదే చేస్తున్నా."

ఆ రోజు సణుగుడు తాత కట్టు విప్పుతూ ఉంటే ఆమె చేతులు ఎందుకో నెమ్మదించాయి. పాదం పుండు దానిమ్మ గింజలు పరిచినట్టు ఎర్రగా, గరుకుగా, తడితడిగా మెరుస్తోంది. అంచుల నుంచి కొత్త చర్మం లోపలికి పాకుతోంది. మచ్చుకి కూడా చీము లేదు. ఆయన వయసు డెబ్భై, ఒంట్లో చక్కెర జబ్బు. మూరెడు దూరంలో ఉన్న తన తమ్ముడికి ముప్ఫై నాలుగు.

కట్లక్క రెండు మంచాల నడుమ నిలబడిపోయింది. ఇద్దరి దుప్పట్లూ ఒకే చోట ఉతుకుతారు. ఇద్దరూ పీల్చేది ఒకే గాలి. పిన్ని ఇద్దరి మంచాల కిందా తుడిచింది. ఆ మాటకొస్తే తాత దుప్పటీ సర్దే ఉంటుంది, ఆయన పిలవకుండా ఉండే రకం కాదు. కట్టేది ఇద్దరికీ తన చేతులే, అవే ఫోర్సెప్సులు, అదే గాజుగుడ్డ. అలా ఒక్కొక్కటే కలుపుకుంటూ, తీసేస్తూ వచ్చి, తాత మంచం పక్కన పెట్టిన చిన్న గిన్నె దగ్గర ఆగింది. ఉప్పునీళ్ళు. ఆమె చూపు దానంతటదే ట్రాలీ కింది అరలోకి దిగింది.

గోధుమరంగు సీసా.

"ఏంటమ్మా, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావు? కట్టేది ఉందా లేదా?" అన్నాడు తాత.

ఆమె కట్టింది. తర్వాత సీసా తీసుకుని స్టోరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బిరడా తీసి మూతిలో ముక్కు పెట్టింది. మందు వాసనే. ఘాటుగా, నిక్షేపంగా, ఇన్నేళ్ళుగా తన చీరలకీ జుట్టుకీ పట్టిన వాసనే. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. అయినా కొద్దిగా గొట్టంలోకి ఒంపి, బిరడాను కూడా ఒక దూదిపుల్లతో తుడిచి, రెండింటి మీదా చీటీ అంటించి 'మంచం 17' అని రాసి ల్యాబ్‌కి పంపింది. సీసాను అల్మరాలో పెట్టి తాళం వేసింది. ఆ రోజు మిగిలిన వాళ్ళందరికీ ఉప్పునీళ్ళు కాచింది. ఏమైందని హెడ్ సిస్టర్ అడిగితే, "మందు అయిపోయింది," అంది. ఆమె నోట ఆ మాట రావడం వార్డులో అదే మొదటిసారి.

మర్నాడు పెద్ద డాక్టరు తమ్ముడి ఎక్స్‌రేని కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. కడ్డీ చుట్టూ ఎముక తినేసి ఉంది. మంచం దగ్గర ఏమీ అనకుండా కట్లక్కని వరండాలోకి పిలిచాడు. "మోకాలి పైనుంచి తియ్యాలి. రక్తంలోకి ఎక్కుతోంది. ఇంకో రెండు రోజులు చూస్తే కాలు కాదు, మనిషే దక్కడు. ఎల్లుండి పొద్దున మొదటి కేసు మీదే పెడుతున్నాను," అన్నాడు. వెంట వచ్చిన మరదలు, తమ్ముడి భార్య, గోడకి ఆనుకుని కూలబడిపోయింది. కట్లక్క ఆమె పక్కన కూర్చుంది గానీ భుజం మీద చెయ్యి వెయ్యలేకపోయింది.

ఆపరేషన్ ముందురోజు మధ్యాహ్నం ల్యాబ్‌కి వెళ్ళింది. ల్యాబ్ అమ్మాయి ఆమెను చూడగానే నవ్వింది. "రండి కట్లక్కా. పదిహేడో మంచం మనిషి ఇంకా బతికే ఉన్నాడా?"

ఆ అమ్మాయి గాజు పళ్ళెం ఒకటి తీసి వెలుతురులో పెట్టింది. పళ్ళెం పళ్ళెమంతా ఆకుపచ్చ. చుక్కలు కాదు, మచ్చలు కాదు, అంచు నుంచి అంచుదాకా వాకిలి నీళ్ళ తొట్టిలో పాచి పట్టినట్టు పట్టేసింది. మూత కొద్దిగా ఎత్తగానే ద్రాక్షపళ్ళ వాసన వచ్చింది.

"ఇంత దట్టంగా నేనెప్పుడూ చూడలేదు. మీ వార్డులో పదహారే మంచాలు కదా?"

"అది మనిషి కాదు. నా సీసా."

ల్యాబ్ అమ్మాయి నవ్వు ఆరిపోయింది. పళ్ళేన్ని కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఆ సీసా ఎప్పుడు ఖాళీ చేసి కడిగారు?"

"ఖాళీ ఎందుకు చేస్తాను? అయిపోకుండా చూసుకుంటాను."

"ఎన్నాళ్ళుగా?"

కట్లక్కకి లెక్క తెలియలేదు. ఆ సీసా ఆమె చేతికి వచ్చినప్పుడే సగం నిండి ఉంది.

"నీళ్ళు కలిపాక ఆ మందుకి ఇది చావదు కట్లక్కా," అంది ఆ అమ్మాయి, జ్వరంతో ఉన్న మనిషికి చెప్పినట్టు నెమ్మదిగా. "మామూలు క్రిములు చస్తాయి, ఇది బతుకుతుంది. ఎప్పుడో ఒకనాడు నీళ్ళతో వచ్చి ఉంటుంది. బిరడాలో, అడుగున, కాపురం పెట్టేసింది. మీరు పైనుంచి కొత్త మందు పోసినప్పుడల్లా పాతది కొత్తదాన్లో కలిసిపోయింది. ఖాళీ చేసి, ఉడకబెట్టి, ఆరబెట్టి ఉంటే పోయేది."

"మరి బకెట్టులో…" అని మొదలుపెట్టి ఆగిపోయింది కట్లక్క. బకెట్టులోకి ఏ నీళ్ళు ఒంపుతారో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాగితం పట్టుకుని సూటిగా పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. ఆయన చదివాడు. లేచి తలుపు మూసి వచ్చి మళ్ళీ చదివాడు.

"సీసాలన్నీ పారేయించండి. రేపటి నుంచి ఏ రోజు మందు ఆ రోజే కలపాలి, అన్ని వార్డుల్లోనూ. నేనే చెప్తాను." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో పడేశాడు. "ఇది ఇక్కడితో ఆగిపోవాలి."

"బకెట్ పిన్నిని పిలిపించాలి సార్."

"ఎవరు?"

"తుడిచే ఆవిడ. తీసేశారు కదా."

"కాంట్రాక్టు వాళ్ళ సంగతి మనకెందుకమ్మా? పిలిపించాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే నాలుగు కుటుంబాలు మన మీద కేసు వేస్తాయి. మీ ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి."

"మీ ఒక్కరితో పోతుందా?" అన్నాడాయన. ఆయన చెడ్డవాడేం కాదు, అలసిపోయి ఉన్నాడు. "మీరు కావాలని చేశారా? లేదు. ఎవరూ చెప్పలేదు, మీకు తెలియలేదు. మీ అంత శుభ్రంగా పనిచేసే మనిషి ఈ ఆస్పత్రిలో లేదు. ఇంటికి వెళ్ళి పడుకోండి. రేపు మీ తమ్ముడికి మీరు కావాలి."

ఆమె ఇంటికి వెళ్ళలేదు. కాంట్రాక్టరు మనిషిని అడిగి పిన్ని ఉండే వీధి కనుక్కుని ఎండ దిగే వేళకి అక్కడికి చేరింది. ఒంటి గది, ముందు గచ్చు. పిన్ని గచ్చు మీద కూర్చుని బేసిన్‌లో చేతులు పెట్టి రుద్దుకుంటోంది. బ్లీచింగ్ పొడి వాసన వీధిలోకి కొడుతోంది. కట్లక్కని చూడగానే గాభరాగా లేచి నిలబడింది. చేతులు మోచేతుల దాకా తెల్లగా పాలిపోయి, వేళ్ళ సందుల్లో చర్మం పగిలి నెత్తురు చెమరుస్తోంది.

"ఏం చేసుకుంటున్నావే?" అంది కట్లక్క.

"పోవడం లేదు కట్లక్కా. గోళ్ళ కింద ఉందన్నారు కదా. రోజుకి నాలుగుసార్లు కడుగుతున్నా. ఇంకెక్కడైనా పనికి కుదిరితే అక్కడా ఎవరికో అంటిస్తాను కదా, అందుకని పనికి కూడా పోలేదు."

"అది నీ వల్ల రాలేదు. నా సీసాలోంచి వచ్చింది. నేను పోసిన మందులోనే ఉంది. ఆ మురికినీళ్ళే నీ బకెట్టులోకి వచ్చాయి. ఇవాళ ల్యాబ్‌లో నా కళ్ళతో చూశాను."

పిన్ని ఆమె వంక జాలిగా చూసింది. ఆ జాలి చూసి కట్లక్కకి ఒళ్ళు మండింది.

"మందులో పురుగులుంటాయా ఎక్కడైనా?" అంది పిన్ని. "మీరు మంచివాళ్ళు కట్లక్కా. ఆ రోజు తమ్ముడి మీద బెంగతో ఒక మాట అన్నారు, ఇప్పుడు నా మీద జాలితో ఒక మాట అంటున్నారు. నాకేం కోపం లేదు. ఇవాళ మధ్యాహ్నం చూడ్డానికి వచ్చేవాళ్ళతో కలిసి లోపలికి వచ్చాను. మీరు లేరు. మీ తమ్ముడి దగ్గర ఏడ్చి, నా వల్లే కదా నాయనా అన్నాను. బంగారం లాంటి మనిషి. పోనీలే పిన్నీ, నువ్వు కావాలని చేశావా అన్నాడు."

"నేను చెప్పేది విను…"

"వింటున్నానమ్మా. కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను. లేదు లేదు, నా చేత్తో వద్దులెండి."

కట్లక్క ఎంత చెప్పినా అంతే. చివరికి గొంతు పెంచి అరిచింది కూడా. ఎదురింటివాళ్ళు తొంగి చూశారు. పిన్ని తల ఊపుతూనే ఉంది, చంటిపిల్ల మారాంకి పెద్దవాళ్ళు ఊపినట్టు.

మర్నాడు పొద్దున ఏడున్నరకి తమ్ముడికి ఆపరేషన్ గౌను తొడిగారు. ఎడమ తొడ మీద పెద్ద డాక్టరు నల్ల పెన్నుతో గీత గీసి వెళ్ళాడు. మరదలు ఫారాల మీద సంతకాలు పెట్టడానికి హెడ్ సిస్టర్ దగ్గరికి వెళ్ళింది. కట్లక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. జ్వరానికి వాడి కళ్ళు లోతుకు పోయాయి గానీ ముఖం ప్రశాంతంగా ఉంది.

"ఆవిడ వచ్చింది నిన్న," అన్నాడు. "ఏడ్చింది. మొదట గొంతు పిసికెయ్యాలనిపించింది. తర్వాత ఆ చేతులు చూశాను. పోనీలే అన్నాను. అన్నాక ఎంత తేలికపడ్డానో తెలుసా? ఇన్ని రోజులూ పరంజా కర్రని తిట్టుకున్నా, కాంట్రాక్టరుని తిట్టుకున్నా, దేవుణ్ణి తిట్టుకున్నా. నిన్న రాత్రి హాయిగా పడుకున్నా. ఎవరి వల్లో తెలిసి, వాళ్ళని వదిలెయ్యడం కూడా ఒక సుఖమేనక్కా."

ఊరుకోవచ్చు. ఊరుకుంటే వాడు ఈ మనసుతోనే లోపలికి వెళతాడు. డాక్టరు ఊరుకోమన్నాడు, పిన్ని నమ్మలేదు, కాగితం సొరుగులో పడింది. ఈ భూమ్మీద ఎవరూ ఆమెను అడగబోవడం లేదు. కానీ గచ్చు మీద కూర్చుని చర్మం ఊడేలా చేతులు రుద్దుకునే మనిషి నెత్తిన ఈ మన్నింపు కూడా ఎక్కి కూర్చుంటే, ఇక ఆమె జన్మలో దాన్ని దించుకోలేదు.

"ఆవిడ కాదురా," అంది.

చెప్పేసింది. ఏడవకుండా, తనని తాను తిట్టుకోకుండా, డ్యూటీ దిగేటప్పుడు తర్వాతి మనిషికి అప్పగింతలు చెప్పినట్టు చెప్పింది. సీసా సంగతి, బిరడా సంగతి, తాత ఉప్పునీళ్ళ సంగతి, పళ్ళెం సంగతి. వాడు పైకప్పు మీంచి చూపు దించి ఆమె చేతుల మీద పెట్టాడు.

"నాకు రోజుకి రెండుసార్లు కట్టావు కదా?"

"చివర్లో మూడుసార్లు."

"మిగతావాళ్ళకి ఒకసారి."

"అవును."

"నాలుగో మంచం అతని కాలు?"

"ఉంది. మానుతోంది."

"పదకొండో మంచం?"

"చెయ్యి. అదీ ఉంది."

పక్క మంచం మీద సణుగుడు తాత అటు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని ఆయన వీపే చెబుతోంది.

"ఆవిడకి చెప్పావా?"

"నిన్న సాయంత్రం వెళ్ళి చెప్పాను. నమ్మలేదు. జాలితో అంటున్నానంది. పెద్ద డాక్టరు నీ తప్పేం లేదు పొమ్మన్నాడు. ఎవరూ నమ్మరురా, ఎవరికీ అక్కర్లేదు."

"నేను నమ్ముతున్నానక్కా," అన్నాడు తమ్ముడు.

అని ముఖం అటు తిప్పుకున్నాడు. ఆమె స్టూలు మీదే కూర్చుంది. క్షమించమని అడుగుదామన్నా, ఆ పని వాడు నిన్ననే పిన్ని విషయంలో ఒకసారి చేసేసి ఉన్నాడు.

వార్డు బాయిలు ట్రాలీ తెచ్చారు. ఎప్పటిలా ఆమె వాడి వీపు కింద చెయ్యి పెట్టి లేపబోయింది. వాడు అవతలి పక్క నిలబడ్డ వార్డు బాయి మెడ చుట్టూ చెయ్యి వేసి, పళ్ళు బిగబట్టి, తనంతట తనే ట్రాలీ మీదికి జరిగాడు. మరదలు కాగితాలు పట్టుకుని పరుగున వచ్చింది.

"వదినా, మీరూ లోపలికి వెళ్ళండి. మీరు పక్కనుంటే ఆయనకి కొండంత ధైర్యం," అంది కళ్ళు తుడుచుకుంటూ.

తమ్ముడు కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"అక్కకి వార్డులో పనుంది," అన్నాడు.

ట్రాలీ కదిలింది. మరదలు దాని వెంట నడిచింది. కట్లక్క గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. వాడన్నది నిజమే, ఇంకా పదిహేను కట్లున్నాయి.